అక్కడ రసీదు... ఇక్కడ రిమాండు

బోస్టన్‌లో అద్దాల కొట్టు. హనుమాన్ జంక్షన్‌లో నాకాబందీ. వందేళ్ల కిందట బాపట్ల తాలూకాలో సర్కారు గోదాము. మొక్క మాత్రం ఒకటే. చదువుకని సముద్రాలు దాటుతున్న మన పిల్లలు ఈ మూడింటి మధ్య నిలబడి ఉన్నారు.

హనుమాన్ జంక్షన్‌కి నాలుగు దిక్కులా రోడ్లే. ఒకటి ఏలూరు మీదుగా విశాఖకి, ఒకటి గన్నవరం మీదుగా బెజవాడకి, ఒకటి గుడివాడ పల్లపు భూముల్లోకి, ఇంకొకటి నూజివీడు మామిడితోటలకి. కొల్లేటి చేపలు, నూజివీడు రసాలు, పాల ట్యాంకర్లు, కాలేజీ బస్సులు, పెళ్లి కార్లు... ఈ కూడలి ముఖం చూడకుండా పోయేవి తక్కువ. బైపాస్ వచ్చాక పెద్ద లారీలు ఆంజనేయస్వామికి దూరం నుంచే దండం పెట్టుకుని పోతున్నాయి గానీ, జాతీయ రహదారి 16 మీద ఈ ఊరి పలుకుబడి తగ్గలేదు.

ఆ రోడ్డు మీద బిల్లు లేకుండా పోయే సరుకు ఒకటుంది. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు కొండల్లోనో, సరిహద్దుకి అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాల్లోనో పండి, ఎండి, గట్టిగా అదిమి టేపు చుట్టిన ప్యాకెట్లై కిందికి దిగుతుంది. నర్సీపట్నం దాటి హైవే ఎక్కాక, హైదరాబాద్ పోవాలన్నా చెన్నై పోవాలన్నా దారి జంక్షన్ మీదుగానే. పైన కూరగాయల బస్తాలు, కింద సరుకు. లేదంటే కారు డిక్కీ అడుగున చేయించిన దొంగ అర. ముందొక బండి పైలట్‌గా పోతూ, ఎక్కడ తనిఖీ ఉందో వెనక బండికి ఫోన్లో చెబుతూ ఉంటుంది. ఇదంతా పేపరు చదివే వాళ్లెవరికీ కొత్త కాదు.

కొత్తది ఇంకో ప్రయాణం. ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్లు శంషాబాద్‌కి బయల్దేరతాయి. డిక్కీలో ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కరు, ఇంటి ముందు దిష్టి తీసిన పిల్లాడు. వాడు దిగే ఊరు బోస్టనో, డెన్వరో, చికాగోనో, న్యూజెర్సీయో అయితే, అద్దెగదికి నాలుగు వీధుల అవతల శుభ్రంగా, ఏసీ వేసుకుని, దీపాలు పెట్టుకుని, గంజాయి అమ్మే కొట్టు ఉంటుంది. మొదటి నెల వీడియో కాల్‌లో చాలా ఇళ్లలో ఇలాంటి ముచ్చటే నడుస్తుంది:

“ఏరా నాన్నా, నీ వెనకాల ఆ షాపేంట్రా? ఆకు బొమ్మ వేసుంది. ఆయుర్వేదమా?”

“అలాంటిదేలే అమ్మా. అన్నం తిన్నావా?”

ఆ ‘అలాంటిదేలే’ వెనక ఎంత కథ ఉందో అమ్మకి తెలియదు. చిక్కేమిటంటే, అబ్బాయికీ పూర్తిగా తెలియదు.

కొట్టు ఎలా ఉంటుంది

బోస్టన్‌నే తీసుకుందాం. ఊరూ, ఊరి చుట్టూ కలిపి కాలేజీలు డజన్ల కొద్దీ ఉన్న నగరం అది. మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2016లో ఓటేసి, 21 ఏళ్లు దాటినవాళ్లు గంజాయి కొనుక్కోవచ్చన్నారు. అమ్మకాలు మొదలైంది 2018 నవంబరు 20న, లెస్టర్, నార్తాంప్టన్ అనే రెండు చిన్న ఊళ్లలో. అందులో నార్తాంప్టన్ కూడా కాలేజీ ఊరే. అసలు బోస్టన్ నగరంలో మొదటి కొట్టు తెరుచుకోవడానికి 2020 మార్చి దాకా పట్టింది. అంతకు దాదాపు ఏడాదిన్నర ముందే కెనడా, 2018 అక్టోబరు 17న, దేశం మొత్తానికి ఒకే చట్టంతో తలుపులు తీసేసింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గుమ్మం దగ్గరే గుర్తింపు కార్డు అడుగుతారు. విదేశీ విద్యార్థి అయితే పాస్‌పోర్టు తీయాలి. లోపల బల్లల మీద గాజు సీసాల్లో ఎండిన పువ్వులు, వాసన చూడ్డానికి మూతకి చిన్న చిల్లు. ముందే చుట్టిపెట్టిన జాయింట్లు, నూనెలు, వేప్ పెన్నులు, చాక్లెట్లు, జామపండు రుచి నుంచి పుచ్చకాయ రుచి దాకా గమ్మీలు. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయిని ‘బడ్‌టెండర్’ అంటారు. నిద్రపట్టడానికా, నవ్వుకోడానికా, ఒళ్లు నొప్పులకా అని అడిగి, బెజవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు కుర్రాడు పరిచినట్టు ఒకదాని పక్కన ఒకటి పరుస్తుంది. ప్రతి సీసాకీ లేబులు: మత్తెక్కించే టీహెచ్‌సీ ఎంత శాతం, ఎక్కడ పండింది, ఏ ల్యాబ్ పరీక్షించింది. గమ్మీ ఒక్కోదానిలో 5 మిల్లీగ్రాములు మించకూడదు, ప్యాకెట్టు మొత్తానికి 100. ఒకసారికి ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల దాకానే కొనాలి. పసిపిల్లలు తెరవలేని కవరులో పెట్టి ఇస్తారు. రాష్ట్ర ఎక్సైజు సుంకం 10.75 శాతం, అమ్మకపు పన్ను 6.25, ఊరి పన్ను ఇంకో 3 దాకా. రసీదు చేతికొస్తుంది. రోడ్డు మీద కాల్చకూడదు, కారు నడుపుతూ కాల్చకూడదు.

ఇంత దర్జా కొట్టులో చాలాచోట్ల క్రెడిట్ కార్డు మాత్రం నడవదు. నగదు తీసుకోవడానికి మూలన ఏటీఎం పెట్టి ఉంటుంది. అక్కడే అనుమానం రావాలి మనకి. రాష్ట్రం లైసెన్సిచ్చిన వ్యాపారానికి కార్డు కంపెనీలు ఎందుకు దూరంగా ఉంటున్నాయి?

దానికి ముందు ఆ వాతావరణం గురించి రెండు మాటలు. అమెరికా కాలేజీ ఊళ్లలో గంజాయి నిన్న మొన్న కొట్లతో వచ్చింది కాదు. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో విశ్వవిద్యాలయం నడిబొడ్డున 1972 నుంచి ఏటా ఏప్రిల్‌లో ‘హాష్ బాష్’ పేరుతో జనం గుమిగూడతారు. అప్పట్లో అది చట్టం మీద తిరుగుబాటు. ఇప్పుడు జాతర. ఏప్రిల్ 20 వచ్చిందంటే కొట్లలో డిస్కౌంట్లు, క్యూలు. గుంటూరు, బెజవాడ, హైదరాబాద్ నుంచి వెళ్లిన పిల్లలకి అపార్ట్‌మెంటు మెట్ల మీద ఆ వాసన మొదటి వారంలోనే తగులుతుంది. మూడో నెలకి ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. పోలీసు పట్టుకోడు, ప్రొఫెసరు ఆశ్చర్యపోడు, రూమ్మేటు దాచుకోడు. ఇక తప్పేముందన్న ఆలోచన చాలా సహజంగా వస్తుంది.

ఆరోగ్యం మాటకొస్తే, తాతలనాటి చిలుం లెక్కలు ఇప్పుడు పనికిరావు. 1995 ప్రాంతంలో అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ సగటున 4 శాతం. ఇప్పుడు కొట్లో సీసా మీద 20 దాటడం మామూలు. గమ్మీ తిన్నాక మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ అనిపించట్లేదని ఇంకోటి, మరోటి తినేసి గుండెదడతో ఎమర్జెన్సీకి పరిగెత్తేది ఎక్కువగా కొత్తవాళ్లే. ఇరవై అయిదేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుందనీ, రోజూ గట్టి సరుకు వాడే కుర్రవాళ్లలో మతిభ్రమ ముప్పు పెరుగుతుందనీ వైద్యులు చెబుతున్నారు. లేబులు మీద మోతాదు ఉంటుంది. మన ఇంట్లో ఎవరికైనా మానసిక వ్యాధి ఉన్నదీ లేనిదీ లేబులుకి తెలియదు.

రసీదు మీద రాయని సంగతి

ఇప్పుడు కార్డు సంగతి. అమెరికాలో రాష్ట్రాల చట్టం వేరు, కేంద్రం చట్టం వేరు. 24 రాష్ట్రాలు పెద్దవాళ్ల వాడకానికి గంజాయిని అనుమతించాయి. కానీ 1970 నాటి కేంద్ర చట్టం దాన్ని హెరాయిన్ ఉన్న మొదటి జాబితాలోనే కూర్చోబెట్టింది. దాన్ని మూడో జాబితాలోకి దించుదామని 2024 మేలో అక్కడి న్యాయశాఖ ప్రతిపాదించింది. దించినా అది ‘నియంత్రిత పదార్థం’ కాకుండా పోదు. బ్యాంకులు, కార్డు కంపెనీలు వెనకాడేది అందుకే.

ఆ దేశం పౌరుడికి ఈ రెండు చట్టాల గొడవ పెద్దగా తగలదు. రాష్ట్రం వదిలేస్తే కేంద్రం అతని జేబు వెతకదు. మన పిల్లాడి సంగతి అలా కాదు. వాడి వీసా, వాడి ఉద్యోగ అనుమతి, రేపటి గ్రీన్‌కార్డు, ఆపైన పౌరసత్వం, అన్నీ కేంద్రం చేతిలోవే. వలస చట్టం ప్రకారం మాదకద్రవ్యాల నేరం రుజువైతేనే కాదు, ఆ నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకున్నా దేశంలో అడుగుపెట్టే అర్హత పోవచ్చు. ‘కొట్లో కొన్నాను సార్, రసీదు కూడా ఉంది’ అన్న మాటే ఒప్పుకోలు అవుతుంది. ముప్పై గ్రాముల లోపు ఒక్కసారి సొంతానికి ఉంచుకున్నందుకు దేశం నుంచి పంపేయకుండా ఒక చిన్న మినహాయింపు ఉంది. కానీ సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో అడిగే ప్రశ్నకి ఆ మినహాయింపు వర్తించదు.

వీసా దరఖాస్తు డీఎస్-160లోనే రెండు ప్రశ్నలుంటాయి: నువ్వు మత్తుమందులకు అలవాటుపడ్డావా, నియంత్రిత పదార్థాల చట్టం ఏదైనా ఎప్పుడైనా మీరావా? ఫీజు కట్టించుకుని ఫారం నింపిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లు అన్నిటికీ ‘నో’ కొట్టేస్తారు. అబ్బాయి ఆ పేజీ చదివి కూడా ఉండడు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనపడేలా ఉంచాలంటున్నారు. కొట్టు ముందు నిలబడి, కవరు ఎత్తి చూపిస్తూ ఇన్‌స్టాలో పెట్టిన ఫొటో మళ్లీ వీసా స్టాంపింగు నాటికి ఎవరి కంటైనా పడొచ్చు.

ఇంకో సంగతి చాలామంది ఊహించరు. చదువైపోయాక ఉద్యోగం దొరక్క, గంజాయి కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే పని దొరికిందనుకోండి. వాడు ఆకు ముట్టుకోడు, కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అయినా చిక్కే. అమెరికా పౌరసత్వ శాఖ 2019 ఏప్రిల్‌లో ఒక మార్గదర్శకం ఇచ్చింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వ్యాపారంలో పనిచేయడం కేంద్ర చట్టాన్ని మీరడం కిందికి రావచ్చు, పౌరసత్వానికి కావలసిన ‘సత్ప్రవర్తన’కు అది అడ్డు రావచ్చు అని. ఇక విశ్వవిద్యాలయాల సంగతంటే, కేంద్రం నిధులు తీసుకునేవన్నీ 1989 నాటి చట్టం ప్రకారం ప్రాంగణంలో గంజాయిని నిషేధించి తీరాలి. గేటు బయట కొట్టు, గేటు లోపల క్రమశిక్షణ కమిటీ.

కెనడాలో ఈ మెలిక లేదు, అక్కడ కేంద్రమే తలుపు తీసింది కాబట్టి. అయితే ఆ ప్యాకెట్టుతో సరిహద్దు దాటితే అక్కడా నేరమే. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి 25 గ్రాముల దాకా జేబులో ఉంచుకోనిస్తోంది. కొట్లు మాత్రం లేవు, సభ్యుల క్లబ్బులున్నాయి, సభ్యత్వానికి ఆ దేశంలో ఆరునెలలైనా ఉండాలి. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గేట్లెత్తి, 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలంది. ఆ మధ్యలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సూట్‌కేసుల్లో హైడ్రోపోనిక్ గంజాయి శంషాబాద్‌లో పదేపదే పట్టుబడింది.

వీటన్నిటి మీదా మనవాళ్ల దృష్టికి రాని మాట మన చట్టంలోనే ఉంది. మాదకద్రవ్యాల మీద మనకున్న ఎన్డీపీఎస్ చట్టం మొదటి సెక్షనే చెబుతుంది: ఇది భారతదేశమంతటికీ, దేశం బయట ఉన్న భారత పౌరులందరికీ వర్తిస్తుంది అని. 2001 సవరణలో చేర్చారు దాన్ని. జంక్షన్ ఉన్న బాపులపాడు మండలం కుర్రాడు బోస్టన్‌లో నిలబడి ఉన్నా, పాస్‌పోర్టు మనదే అయితే కాగితం మీద ఆ చట్టం నీడ వాడి వెంటే ఉంది.

సంతరావూరు, దగ్గుబాడు

‘మన దేశంలో ఇవన్నీ లేవండీ, పాశ్చాత్య నాగరికత’ అనే పెద్దమనుషులు ప్రతి సభలోనూ ఒకరుంటారు. వాళ్లని ఒకసారి బ్యారేజీ దాటించి, తెనాలి, బాపట్ల మీదుగా చీరాల ప్రాంతానికి తీసుకుపోవాలి. కారంచేడు మండలంలో దగ్గుబాడు, చినగంజాం మండలంలో సంతరావూరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు రాజధాని మొత్తమ్మీద గంజాయి పనిగట్టుకుని పండించిన చోట్లలో ముఖ్యమైనవి ఈ రెండూళ్లు. తమిళ దేశంలో జవ్వాదు కొండల వైపు ఇంకొంత సాగు ఉండేది.

అప్పటికి గుంటూరు జిల్లా లేదు. 1904లో విడదీసేదాకా బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలోదే. అంటే సర్కారు లెక్కల్లోకి ఎక్కిన గంజాయి చేను మన కృష్ణా జిల్లాదే. ఆ ఊళ్లు ఆ తర్వాత గుంటూరుకి, 1970లో ప్రకాశానికి, 2022లో బాపట్ల జిల్లాకి మారాయి. కలెక్టరాఫీసుకి పోయే బస్సు ఇన్నిసార్లు మారిన ఊళ్లు అరుదు.

ఆ కాలపు లెక్కలు మనకి తెలియడానికి కారణం ఒక ఆంగ్లేయుడి అసహనం. డబ్ల్యూ.ఎస్. కెయిన్ అనే మద్యవ్యతిరేకి, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, 1893లో సభలో లేచి బెంగాల్లో గంజాయి వల్ల జనం నీతి, ఆరోగ్యం ఏమైపోతున్నాయో విచారించాలన్నాడు. భారత ప్రభుత్వం విచారణను దేశమంతటికీ పెంచి, మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడిగా ఏడుగురితో కమిషన్ వేసింది. అందులో ముగ్గురు భారతీయులు. వాళ్లు 1,193 మంది సాక్షుల్ని అడిగారు: డాక్టర్లు, తహసీల్దార్లు, రైతులు, కొట్లవాళ్లు, మిషనరీలు, సాధువులతో పరిచయమున్న వాళ్లు. 1894లో మూడువేల పేజీలు దాటిన నివేదిక ఇచ్చారు.

అందులో నన్ను ఆపేసేది పిచ్చాసుపత్రుల భాగం. గంజాయి వల్ల మతిపోయిందని రిజిస్టర్లో రాసి ఉన్న రోగుల కాగితాలన్నీ కమిషన్ వెనక్కి తిరగేసింది. చాలాచోట్ల తేలిందేమిటంటే, రోగిని తెచ్చిన పోలీసు ఏదో ఒక కారణం రాయాలి కాబట్టి ‘గంజాయి’ అని రాశాడు, ఆసుపత్రి గుమాస్తా దాన్నే ఎక్కించాడు, ఏడాది చివర అది గణాంకమై కూర్చుంది. ఈ లెక్కల్ని నమ్మలేమని కమిషన్ మొహమాటం లేకుండా రాసింది. మితంగా వాడేవాళ్లకి చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది. పూర్తి నిషేధం అవసరమూ కాదు, మంచిదీ కాదు. సాగుని కొన్నిచోట్లకే కుదించి, సుంకం వేసి, లైసెన్సు లేకుండా అమ్మనివ్వకూడదు అని తేల్చారు. భారతీయ సభ్యుల్లో ఇద్దరు ఒప్పుకోలేదు, విడిగా అసమ్మతి రాశారు. దీన్ని తెల్లవాళ్ల పట్టింపుకీ, మన ఉదారతకీ మధ్య పోరాటంగా చెప్పేవాళ్లు ఆ కాగితాలు కూడా చదివితే బాగుండు.

తర్వాత మద్రాసు ప్రభుత్వం చేసింది అదే. సంతరావూరు, దగ్గుబాడుల్లో సాగుకి అనుమతి, పంటని సర్కారు గోదాములో పెట్టి తూకం, తాళం. సుంకం కట్టినవాడికే సరుకు, లైసెన్సు పాడుకున్న కొట్టుకే అమ్మకం. బోస్టన్ కొట్టులో ఇవాళ చూసి నోరెళ్లబెట్టేదానికి మన దగ్గర ముతక నమూనా అప్పుడే ఉందన్నమాట: ఎవరు పండించారు, ఎంత పండింది, ఎటు పోయింది అన్న లెక్క. సర్కారుకి జనం మీద ప్రేమ పొంగి చేసింది కాదిది, ఖజానా కోసం చేసింది. కొన్నది ఎవరంటే బైరాగులు, బండివాళ్లు, రాత్రి కాపలావాళ్లు, ఒళ్లు హూనమయ్యే కూలీలు. కాలేజీ కుర్రాడు ఆ కొట్టు మెట్లెక్కితే పరువు పోయేది. మత్తు అప్పుడు బీదవాడి గుర్తు. ఇప్పుడు గోగో పేపరు, హుడీ, ఇంగ్లీషు పాట.

ఆ వ్యవస్థ ఒక్కరోజులో కూలిపోలేదు. 1925లో జెనీవా ఒప్పందం గంజాయిని అంతర్జాతీయ జాబితాలోకి లాగింది. 1937 నుంచి రాజాజీ మొదలుపెట్టిన మద్యనిషేధం మద్రాసు రాజధానిలో మత్తు పదార్థాలన్నిటికీ గాలి తిప్పింది. 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో మనలాంటి దేశాలకి పాతికేళ్ల గడువిచ్చారు. ఆ గడువు తీరబోతుండగా ఎన్డీపీఎస్ చట్టం వచ్చింది. అమల్లోకొచ్చిన తేదీ 1985 నవంబరు 14, బాలల దినోత్సవం. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ.

కిలో లోపల, ఇరవై కిలోల పైన

ఆ చట్టం కింద గంజాయి అంటే మొక్క తలల్లో పూసిన పూత, కాసిన కంకులు. ఆకులు, గింజలు విడిగా ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. ఆ సందులోనే కాశీలో, జైసల్మేరులో ప్రభుత్వ అనుమతితో భంగు కొట్లు నడుస్తున్నాయి. గింజల్ని, గింజల నూనెని ఆహారంగా అమ్ముకోవచ్చని ఆహారభద్రత సంస్థ 2021లో చెప్పింది. ఉత్తరాఖండ్ 2018 నుంచి నారకోసం మత్తులేని రకం సాగుకి లైసెన్సులిస్తోంది. అంటే మన దేశంలోనూ చట్టబద్ధమైన ముక్కలున్నాయి. జంక్షన్‌లో చక్కర్లు కొట్టేది ఆ ముక్క కాదు.

శిక్ష తూకాన్ని బట్టి. కిలో దాకా ‘కొద్ది పరిమాణం’: ఏడాది దాకా కఠిన ఖైదు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇరవై కిలోలు దాటితే వ్యాపార పరిమాణం: పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా, లక్షకు తగ్గని జరిమానా, బెయిలు గగనం, ఛార్జిషీటుకి నూట ఎనభై రోజుల గడువు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల దాకా. హాష్ ఆయిల్ అయితే గీతలు ఇంకా కిందికి దిగుతాయి: కొద్ది పరిమాణం 100 గ్రాములే, కిలో దాటితే వ్యాపారం. సెలవులకొస్తూ సూట్‌కేసులో గమ్మీల ప్యాకెట్టు పడేసుకొచ్చే వాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. మత్తు పదార్థం వేరే పదార్థంతో కలిసి ఉంటే, తూకానికి లోపలి మత్తు ఒక్కటే కాదు, మొత్తం మిశ్రమం లెక్కకొస్తుందని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో తేల్చింది. 5 మిల్లీగ్రాముల లేబులు అక్కడి కొట్టుకి, పంచదార బరువు ఇక్కడి కోర్టుకి.

మన పిల్లలు చిక్కుకునేది ఎక్కువగా ఆ మధ్య అరలో. కానూరు నుంచి అమరావతి దాకా, ఇటు నూజివీడు దాకా కాలేజీలు విస్తరించిన ప్రాంతం ఇది. మొదట దమ్ము ఉచితం. తర్వాత పొట్లానికి డబ్బు. డబ్బు చాలనప్పుడు ‘ఒక్కసారి వైజాగ్ వెళ్లి బ్యాగు తెచ్చిపెట్టు’ అనే మాట. బ్యాగులో ఎనిమిదో పదో కిలోలు. పట్టుబడినవాడు మోసేవాడే, తెప్పించినవాడు ఫోన్ నంబరు మార్చేస్తాడు. కొండమీద పండించే గిరిజన రైతుది ఇంకా ఘోరం: పెట్టుబడి బయటివాడిది, లాభం బయటివాడిది, కేసు మాత్రం తనది.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. 2024 చివర్లో రాష్ట్రం ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం పెట్టి, 1972 నంబరు ఇచ్చింది. తోట కొంత ఒడిశా వైపు జరిగిందని పోలీసులే చెబుతున్నారు. రోడ్డు మాత్రం ఇక్కడిదే.

సరే, మన దగ్గరా కొట్లు తెరిచేద్దామా? నామటుకు నాకు ఆ తొందర లేదు. ప్రభుత్వమే కొట్టు నడిపితే ఎలా ఉంటుందో 2019 నుంచి 2024 దాకా మద్యం విషయంలో చూశాం: ఎప్పుడూ వినని బ్రాండ్లు, పెరిగిన ధర, పక్కరాష్ట్రం సీసాలు. లేబులు మీద రాసింది నిజమో కాదో చూసే ల్యాబూ, ఇరవై ఒకటి నిండనివాణ్ణి గుమ్మంలోనే తిప్పి పంపే క్రమశిక్షణా లేకుండా బోస్టన్ బోర్డు ఒక్కటి తెచ్చి తగిలిస్తే లాభం లేదు. కానీ జేబులో పొట్లంతో దొరికిన పంతొమ్మిదేళ్లవాణ్ణీ, లారీ నింపినవాణ్ణీ పేపర్లో ఒకే ఫొటోలో మోకాళ్ల మీద కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు. చట్టం కూడా అలా కూర్చోబెట్టమనలేదు.

ఆ చట్టంలోనే 39వ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు కొద్ది పరిమాణం కేసులోనో, వాడకం కేసులోనో దోషిగా తేలితే, వయసు, నడవడి, ఆరోగ్యం చూసి, అతని ఒప్పుదలతో, జైలుకి బదులు చికిత్సకి పంపే అధికారం కోర్టుకి ఉంది. 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు తానే ముందుకొచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ఆ కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే మినహాయింపు పోవచ్చు. పెద్ద మూటలతో దొరికినవాళ్లకి ఇది వర్తించదు. ఈ రెండు సెక్షన్ల పేర్లు స్టేషన్ గుమ్మంలో నిలబడ్డ తండ్రికి చెప్పేవాళ్లు తక్కువ. ‘పదివేలు సర్దితే పని అవుతుంది బాబాయ్’ అనేవాళ్లు ఎక్కువ.

ఇంట్లో అనుమానం వస్తే స్టేషన్‌కన్నా ముందు చేయదగ్గ ఫోన్లు ఉన్నాయి. మత్తు మాన్పించే సలహాకి కేంద్ర సామాజిక న్యాయశాఖ నంబరు 14446. జాతీయ మాదకద్రవ్యాల హెల్ప్‌లైన్ ‘మానస్’ 1933. రాష్ట్రానిది 1972. విదేశంలో ఉన్న పిల్లల విషయానికి ఇవేవీ అందవు. అక్కడ విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగు కేంద్రాలుంటాయి; అక్కడ చెప్పుకున్నది, ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప, బయటికి పొక్కనివ్వరు. అధికారి ఎవరైనా గంజాయి గురించి అడిగితే మాత్రం, జవాబు చెప్పేముందు వలస చట్టం తెలిసిన లాయరుతో మాట్లాడాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకి ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో న్యాయసలహా దొరుకుతుంది. అబద్ధం చెబితే అది వేరే నేరం, నిజం చెబితే అది ఒప్పుకోలు. లాయరు కావలసింది సరిగ్గా ఆ సందులోనే.